ఆరో క్లాసుకి ఏ గవర్నమెంట్ స్కూలు? మా అక్క అడిగిన ప్రశ్న, నా ఎక్సెల్ షీట్ ఇచ్చిన తప్పు జవాబు

ఈరోజు ఫోన్లు లేవు, ఏఐ లేదు, జాబ్ మార్కెట్ లేదు. స్కూళ్ల గురించి మాట్లాడుకుందాం. అవును, గవర్నమెంట్ స్కూళ్లే. స్కిప్ కొట్టకండి. మీ ఇంట్లో కూడా ఒక తమ్ముడో, చెల్లో, అక్క కూతురో ఉంటారు. ఏదో ఒక రోజు ఇంట్లోవాళ్లు మిమ్మల్నే పట్టుకుంటారు, "నీకు ఫోన్‌లో అన్నీ తెలుసుగా, కాస్త చూసి చెప్పు" అని. నన్ను అలాగే పట్టుకున్నారు.

మా ఊరు ధరణికోట. పల్నాడు జిల్లా, అమరావతి మండలం. అమరావతి అనగానే అందరూ రాజధాని అనుకుంటారు, అది తుళ్లూరు వైపు. మాది అమరేశ్వరుడి గుడి, స్తూపం ఉన్న అమరావతి పక్కన. రెండు ఊళ్లూ దాదాపు కలిసిపోయే ఉంటాయి. పాత పేరు ధాన్యకటకం, శాతవాహనుల నాటి పట్నం. టిబెట్‌లో లాసా దగ్గర డ్రెపుంగ్ అని ఒక పెద్ద బౌద్ధ మఠం ఉంది, 1416లో పెట్టారు, వేల మంది చదువుకున్న చోటు. ఆ పేరు మా ధాన్యకటకం పేరే, వాళ్ల భాషలో. అంత చదువుల మఠానికి పేరిచ్చిన ఊళ్లో, మా అక్క కూతుర్ని ఆరో క్లాసులో ఎక్కడ వెయ్యాలో రెండు వారాలు తేల్చుకోలేకపోయాం.

2025 మే నెల. మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఒరేయ్, బుజ్జిది ఐదు అయిపోయింది. ఆరుకి ఎక్కడేద్దాం? మీ బావ ఒకటంటాడు, మా అత్త ఒకటంటది. నువ్వు కంప్యూటర్లో చూసి చెప్పు." ప్రైవేటుకి పంపే స్తోమత లేదు, ఆ మాట ముందే చెప్పేసింది. కాబట్టి పోలిక మొత్తం గవర్నమెంట్ స్కూళ్ల మధ్యే.

నేను బీటెక్ చేసి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ని. ఏం చేస్తా? ఎక్సెల్ ఓపెన్ చేశా. మూడు స్కూళ్లు పెట్టా. పేర్లు చెప్పను, చెప్తే ఆ టీచర్లకి ఇబ్బంది. మొదటిది నడిచి వెళ్లే దూరంలో చిన్న ప్రాథమికోన్నత పాఠశాల, ఎనిమిది వరకే ఉంటుంది. రెండోది బస్సెక్కి వెళ్లాల్సిన చిన్న హైస్కూలు. మూడోది సైకిల్ మీద వెళ్లగలిగే పెద్ద హైస్కూలు, పిల్లలు కిటకిటలాడుతుంటారు. కాలమ్స్ ఏంటంటే పదో తరగతి పాస్ శాతం, ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలు, బిల్డింగ్ ఎలా ఉంది, దూరం. ఒక్కోదానికి వెయిటేజ్. రెండోది ఫస్ట్ వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పడేసి, పనైపోయిందనుకున్నా.

అక్క సాయంత్రం ఫోన్ చేసింది. "ఇందులో మా పిల్ల కూర్చునే క్లాసు ఏదిరా? పదో క్లాసు గురించి చెప్పావు. ఆరో క్లాసులో లెక్కలు ఎవరు చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. షీట్‌లో ఆరు, ఏడు, ఎనిమిది గురించి ఒక్క కాలమ్ కూడా లేదు.

ఇంకో కామెడీ చూడండి. మొదటి స్కూల్లో పదో తరగతే లేదు కదా, ఆ సెల్ ఖాళీగా ఉంది. నా ఫార్ములా ఖాళీని సున్నా కింద లెక్కేసి ఆ స్కూలుని చివరికి తోసేసింది. ఆఫీసులో ఇలాంటి బగ్ పెట్టి ఉంటే కోడ్ రివ్యూలోనే తిట్టేవాళ్లు.

సరే, ఇక్కడ కాస్త బేసిక్స్ చెప్పుకోవాలి. మన దగ్గర మిడిల్ స్కూల్ అని బోర్డు ఎక్కడా కనపడదు. కానీ ఆరు, ఏడు, ఎనిమిది అనేది ఒక ప్రత్యేకమైన దశ. ఐదు దాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్తారు. ఆరులోకి రాగానే హిందీ మొదలవుతుంది, సబ్జెక్టుకో టీచర్ వస్తారు. ఎనిమిదికి రాగానే అప్పటిదాకా ఒకటే సైన్స్ పుస్తకంగా ఉన్నది భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా విడిపోతుంది. లెక్కల్లో పూర్ణసంఖ్యలు, బీజగణితం మొదలయ్యేది ఇక్కడే. ఇక్కడ తడబడ్డ పిల్ల పదో తరగతిలో గట్టెక్కొచ్చేమో, ఇంటర్‌లో ఎంపీసీ అంటే మాత్రం భయపడుతుంది.

విద్యాహక్కు చట్టం, 2009ది, ఈ మూడు క్లాసులకి విడిగా కొలతలు పెట్టింది. ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 గంటల బోధన. 35 మంది పిల్లలకి ఒక టీచర్. దాంతోపాటు ఇంకో షరతు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సైన్స్ లెక్కలకి ఒకరు, సోషల్‌కి ఒకరు, భాషలకి ఒకరు కచ్చితంగా ఉండాలి.

ఈ రెండో షరతు ఎందుకు ముఖ్యమో ఒక లెక్క వేసి చూపిస్తా. ఊరికే అనుకుందాం, ఇవి ఏ స్కూలు నంబర్లూ కావు. ఒక స్కూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా 48 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు. అంటే 16 మందికి ఒకరు. అద్భుతంగా ఉంది కదా? ఇంకో స్కూల్లో 280 మంది, ఎనిమిది మంది టీచర్లు, అంటే 35 మందికి ఒకరు. పేపర్ మీద మొదటి స్కూలు రెట్టింపు కంటే మెరుగు. కానీ ఆ ముగ్గురిలో లెక్కల టీచర్ లేకపోతే? తెలుగు మేడమ్ హిందీ కూడా చెప్తుంటే? ఒకరు ట్రైనింగ్‌కి వెళ్లిన రోజు మూడు క్లాసులకి ఇద్దరే మిగిలితే? సగటు ఈ విషయాలేవీ చెప్పదు.

నాకిది స్వయంగా తెలుసు. నేను ఆరు, ఏడు చదివిన స్కూల్లో, ఆ పేరూ వద్దు, లెక్కల సార్ వేరే చోటికి డిప్యుటేషన్ మీద వెళ్లారు. సోషల్ సార్ లెక్కలు చెప్పారు. చాలా మంచి మనిషి, ఆయన తప్పేం లేదు. లెక్కల పీరియడ్‌లో ఎక్కాలు రాయించేవారు, మిగతా టైమ్‌లో అశోకుడి కథలు చెప్పేవారు. అశోకుడి గురించి నాకు ఇప్పటికీ బాగా తెలుసు. కానీ బీటెక్ ఫస్టియర్‌లో ఇంటిగ్రేషన్ దగ్గర కాదు, భిన్నాల కూడికల దగ్గర ఆగిపోయేవాణ్ని. మాకు పదో తరగతిలో అందరూ పాసే. నా షీట్‌లో ఆ స్కూలుకి ఫుల్ మార్కులు పడేవి.

ఇప్పుడు పాస్ శాతం సంగతి. ఏప్రిల్‌లో పదో తరగతి రిజల్ట్స్ రాగానే వంద శాతం, 92 శాతం అని ఫ్లెక్సీలు కడతారు చూడండి. ఆ నంబర్ అబద్ధం అనట్లేదు. 12 మంది రాస్తే 12 మంది పాసవడం ఒకటి, 110 మంది రాస్తే 97 మంది పాసవడం ఒకటి. మొదటి దాంట్లో ఒక్క పిల్లాడు జ్వరంతో పడిపోతే వంద కాస్తా 91.7 అవుతుంది. కాబట్టి చిన్న స్కూలు శాతం ఏటా ఊగుతూ ఉంటుంది. కనీసం మూడేళ్లవి చూడాలి.

దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. ఆరులో చేరినవాళ్లలో పదో తరగతి పరీక్ష దాకా ఎంతమంది వచ్చారు? 2025లో పది రాసిన బ్యాచ్ 2020-21లో ఆరు చదివింది. అప్పుడు 60 మంది ఉండి, ఇప్పుడు 41 మందే రాసి, 41 మందీ పాసైతే అది వంద శాతమే. మిగతా 19 మంది ఎక్కడ? కొందరు గురుకులాలకి పోయుంటారు, కొందరు ప్రైవేటుకి, కొందరు ఊరు మారి ఉంటారు. కొందరు మిరపకోతలకి, మెకానిక్ షెడ్డుకి పోయి తిరిగి రాలేదు. స్కూలుని జడ్జ్ చేసే ముందు ఈ 19 మంది గురించి అడగాలి. హెచ్ఎం గారు ఒక్కొక్కరి గురించీ చెప్పగలిగితే, ఆ స్కూల్లో పిల్లల్ని ఎవరో పట్టించుకుంటున్నారని నాకు అర్థం.

ఈ డేటా ఎక్కడ దొరుకుతుంది అంటే, ఫోన్‌లోనే. దేశంలో ప్రతి స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మన రాష్ట్రం స్కూళ్లవి 28తో మొదలవుతాయి. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో నో యువర్ స్కూల్ అనే చోట స్కూలు పేరుతోనో కోడ్‌తోనో వెతికితే రిపోర్ట్ కార్డ్ వస్తుంది. క్లాసులవారీగా ఎంతమంది పిల్లలు, టీచర్లు ఎందరు, గదులు, టాయిలెట్లు, నీళ్లు, కంప్యూటర్లు. లాగిన్ అక్కర్లేదు. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఈ డేటా స్కూలు వాళ్లే నింపుతారు. పైగా ఎంతమంది టీచర్లో ఉంటుంది కానీ, ఆరో క్లాసుకి లెక్కలు ఎవరు చెప్తున్నారో అందులో తెలీదు. దానికి మాత్రం వెళ్లి అడగాల్సిందే.

అక్కా నేనూ బండేసుకుని వెళ్లాం. సెలవులు కదా, పిల్లలు లేరు. అయినా పనికొచ్చింది.

నేను చూసినవాటిలో అన్నిటికంటే ఉపయోగపడింది గోడ మీద టైమ్‌టేబుల్. ఫొటో తీసుకోండి. ఆరో క్లాసు వరసలో ప్రతి పీరియడ్‌కీ టీచర్ పేరు ఉందా? ఒకే పేరు మూడు సబ్జెక్టుల్లో కనిపిస్తోందా? మేం చూసిన రెండో స్కూల్లో, నా షీట్‌లో ఫస్ట్ వచ్చిందే, మంచి టీచర్ల పేర్లన్నీ తొమ్మిది, పది క్లాసుల వరసల్లోనే ఉన్నాయి. వాళ్లని తప్పు పట్టలేం. రిజల్ట్ తగ్గితే పైనుంచి అడిగేది పది గురించే, ఆరు గురించి ఎవరూ అడగరు. అందుకే ఆరో క్లాసుకి మిగిలినవాళ్లు వెళ్తారు.

ఆ ఏడాది ఇంకో తిరకాసు కూడా ఉంది. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు క్లాసుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్లకి మార్చారు. 2025లో దాన్ని రద్దు చేసి తొమ్మిది రకాల స్కూళ్లు అని కొత్తగా విభజించారు. అదే ఎండాకాలం బదిలీలు కూడా జరిగాయి. అంటే మేలో మీరు కలిసిన సార్ జూన్ 12న స్కూళ్లు తెరిచేసరికి ఉండకపోవచ్చు. "మా రోజుల్లో ఆ స్కూలు భలే ఉండేది" అని మా బావ అన్నాడు. బావా, నీ రోజుల్లో ఉన్న స్కూలు బోర్డు కూడా ఇప్పుడు లేదు అన్నా. అందుకే ఫలానా సార్ ఉన్నారా అని అడగడం కంటే, ఫలానా పోస్టు ఉందా, భర్తీ అయ్యి ఉందా అని అడగండి. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు నోటిఫై చేశారు, ఆ కొత్త టీచర్లు వచ్చింది 2025 దసరా తర్వాతే. మేలో ఖాళీ ఉన్న స్కూలు డిసెంబర్‌లో ఖాళీగా ఉండకపోవచ్చు కూడా.

ఆరు నుంచి ఎనిమిది దాకా చదువు ఎలా ఉందో పదో తరగతికి సంబంధం లేకుండా చెప్పే కొలత ఒకటుంది. ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో రాసే పరీక్ష. రీజనింగ్ ఒక పేపర్, ఏడు ఎనిమిది క్లాసుల సబ్జెక్టులు ఇంకో పేపర్, ఒక్కోటి 90 ప్రశ్నలు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లకి 48,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. గవర్నమెంట్, స్థానిక సంస్థల, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకే. హాస్టల్ వసతి ఉన్న గురుకులాలకి, నవోదయకి వర్తించదు. అంటే మన పక్కూరి జెడ్పీ హైస్కూళ్ల మధ్య పోటీ సమానంగా ఉంటుంది. గత మూడేళ్లలో మీ స్కూలు నుంచి ఎంతమంది రాశారు, ఎంతమంది సెలెక్ట్ అయ్యారు అని అడగండి. నాకైతే ఎంతమంది రాశారు అనేదే ముఖ్యం. ఇద్దరితో రాయించి ఇద్దరినీ సెలెక్ట్ చేయించడం వేరు, క్లాసంతా రాయించడం వేరు. ఒక చోట హెచ్ఎం మేడమ్ లిస్టు తీసి చూపించారు. ఇంకో చోట "అదేంటి?" అన్నట్టు చూశారు. అది చాలు.

నేను ఇంకో తుంటరి పని కూడా చేశా. మా వీధిలో మూడు స్కూళ్లలోనూ ఎనిమిది చదివే పిల్లలు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఐస్‌క్రీమ్ కొనిచ్చి, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించే లెక్క ఇచ్చా. అసర్ సర్వేలో అడిగేది ఇదే. 2024 సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లో ఎనిమిది చదివే పిల్లల్లో ఇది చేయగలిగింది 45.8 శాతం మంది. సగం కంటే తక్కువ, ప్రైవేటు పిల్లల్ని కూడా కలుపుకునే. మా వీధిలో ముగ్గురిలో ఇద్దరు చేశారు. ముగ్గురు అనేది శాంపిల్ కాదని నాకూ తెలుసు. కానీ చెయ్యలేని పిల్లాడు "మాకు భాగహారాలు చెప్పలేదన్నా, డైరెక్ట్‌గా ఎక్సర్‌సైజులు రాయించారు" అన్నాడు చూడండి, ఆ మాట ఏ పోర్టల్‌లోనూ దొరకదు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఈ మూడు స్కూళ్ల మధ్య డబ్బులో తేడా ఏం లేదు. పుస్తకాలు, యూనిఫాం, బ్యాగు, మధ్యాహ్న భోజనం ఎక్కడైనా ఒకటే. తల్లికి వందనం 15 వేలలో 2 వేలు స్కూళ్ల నిర్వహణకి పోగా 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి, స్కూలు ఏదైనా సరే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు బస్సు ఫ్రీ. టికెట్ ఫ్రీయే, కానీ బస్సు టైమ్‌కి రావాలిగా? సాయంత్రం బస్సు తప్పితే పదకొండేళ్ల పిల్ల చీకటిపడేదాకా స్టాప్‌లో నిలబడాలి. అలా రెండుసార్లు జరిగితే "ఇక చాల్లే" అంటారు ఇంట్లో. మా వైపు ఆడపిల్లల చదువు ఆగేది ఎక్కువగా ఇలాంటి చోటే. ఫెయిలయ్యి ఆగినవాళ్లు నాకు పెద్దగా తెలీదు.

అందుకే అక్క ఇంకోటి చూసింది, నాకు తట్టనిది. టాయిలెట్. యూడైస్‌లో మూడు స్కూళ్లకీ ఆడపిల్లల టాయిలెట్ ఉంది అనే ఉంది. వెళ్లి చూస్తే ఒక చోట తాళం వేసి ఉంది. సెలవుల వల్ల అనుకున్నాం. పక్కింటి పిల్లని అడిగితే, "స్కూలున్నప్పుడూ అంతే ఆంటీ, అడిగితే తీస్తారు, మాకు సిగ్గు" అంది. నీళ్లు తాగడం మానేస్తారంట, సాయంత్రం దాకా. ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి నెలలో ఆ నాలుగు రోజులూ బడికి రారు. నా షీట్‌లో టాయిలెట్ దగ్గర టిక్ మార్క్ ఉంది. అక్క ఆ టిక్ వైపు చూసి ఏమీ అనలేదు.

మరి గురుకులాలు, నవోదయ సంగతేంటి అంటారు. వీటిని ఊరి స్కూళ్లతో పోల్చకూడదు, వాళ్లు పరీక్ష పెట్టి ఏరుకుంటారు. మాకు దగ్గర్లో తాడికొండ గురుకులం ఉంది, 1972 నాటిది, ఎంతమంది ఆఫీసర్లు, డాక్టర్లు వచ్చారో అక్కణ్నుంచి. నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో. మంచి స్కూళ్లే, డౌట్ లేదు. కానీ నేను మే నెలలో వీటి గురించి ఎక్సెల్‌లో రాయడమే దండగ. నవోదయ ఆరో క్లాసు సీటుకి ఐదు చదువుతుండగానే అప్లై చెయ్యాలి, పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. 80 ప్రశ్నలు, రెండు గంటలు. మూడొంతుల సీట్లు పల్లెటూరి పిల్లలకే, మూడోవంతు ఆడపిల్లలకి. అంబేడ్కర్ గురుకులాల్లో అయితే ఐదో క్లాసులోనే తీసుకుంటారు, అంటే నాలుగు చదువుతుండగా చూసుకోవాలి. మా అక్కకి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. నాకూ తెలీదు, నిజం చెప్తున్నా. మీ ఇంట్లో నాలుగో క్లాసు పిల్లలుంటే ఈ వీడియో ఆపి ముందు ఆ నోటిఫికేషన్లు చూడండి. మళ్లీ వచ్చి మిగతాది చూడొచ్చు.

చివరికి బుజ్జిని మూడో స్కూల్లో వేశాం. నా షీట్‌లో రెండో స్థానంలో ఉన్నది. క్లాసులో పిల్లలు ఎక్కువ, గోల ఎక్కువ, పాస్ శాతం తక్కువ. కానీ ఆరో క్లాసు వరసలో అన్ని సబ్జెక్టులకీ పేర్లున్నాయి, ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ లిస్టు చూపించిన మేడమ్ అక్కడివారే. మా వీధి నుంచి ఇంకో ముగ్గురు ఆడపిల్లలు అదే స్కూలుకి సైకిళ్ల మీద వెళ్తారు. నిజానికి అక్క తేల్చుకుంది ఈ ఆఖరి పాయింట్ దగ్గరే అనుకుంటా.

అంతా బాగుందని కాదు. మొదటి రెండు నెలలు వెనక బెంచీలో కూర్చుని బోర్డు కనపడట్లేదంది. హిందీ అంటే ఏడుపు. మిరపకోతల టైమ్‌లో అక్క తెల్లారే వెళ్లిపోతుంది, ఆ రోజుల్లో బుజ్జిని తయారుచేసి పంపేది వాళ్ల నాయనమ్మే. ఆ నెలల్లో హాజరు తగ్గుతుందని మేడమ్ ముందే చెప్పి, నాయనమ్మ ఫోన్ నంబర్ కూడా రాసుకున్నారు. ఇక తాళం వేసిన టాయిలెట్ ఏ స్కూల్లో అనుకున్నారు? ఈ స్కూల్లోనే. డిసెంబర్‌లో మెగా పీటీఎం జరిగినప్పుడు అందరూ మార్కుల గురించి అడుగుతుంటే అక్క లేచి, "మా 13 వేలు వచ్చాయి సార్, ఆ 2 వేలు కూడా మావే. ఆ తాళం ఎందుకేస్తున్నారు?" అంది. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదంట. తర్వాత ఇంకో ఇద్దరు తల్లులు కూడా లేచారంట.

ఇప్పుడు తాళంచెవి ఎనిమిదో క్లాసు లీడర్ అమ్మాయి దగ్గర ఉంటోంది. ఇంటర్వెల్‌లో తనే తీస్తుంది.

ఎక్సెల్ టెంప్లేట్ లింక్ కింద పెడుతున్నా, ఖాళీ సెల్ బగ్ సరిచేశా. టైమ్‌టేబుల్ కాలమ్, తాళం కాలమ్ కొత్తగా చేర్చా. మీ ఊరి స్కూలు నింపి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.